రోజుకో మిల్లీమీటరు

ఫిబ్రవరి 6

పొద్దున్న పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తే ఎడమ పక్క నుంచి ధార కట్టి నైటీ మీద పడ్డాయి. మళ్ళీ పుక్కిలించాను. మళ్ళీ పడ్డాయి. అద్దంలో చూస్తే ఎడమ వైపు మొహం ఎవరో ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టుంది. నుదుటి మీద ఒక్క గీత లేదు. కన్ను మూయబోతే రెప్ప సగంలో ఆగిపోయి తెల్లగుడ్డు పైకి దొర్లింది. పెదవి చివర జారిపోయి, దాని అంచున చొంగ.

ఇరవై రెండేళ్ళుగా మెడికల్ కాలేజీలో నేను చెప్పే పాఠమే. నుదురు కూడా పడిపోయిందంటే లోపం మెదడులో కాదు, నరంలో ఉంది. ఏడో కపాలనాడి చెవి వెనక ఎముక సొరంగంలో వాచి ఇరుక్కుంది. కనిపెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషమూ కాస్త గర్వంగా అనిపించింది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

మా ఆయన ముందు హడలిపోయారు. పక్షవాతం కాదని తెలిశాక కాఫీ ఇచ్చి, "కుడి పక్కన కూర్చుంటే కోపంగా చూస్తున్నావు. ఎడమ పక్కన కూర్చుంటే నన్నసలు పట్టించుకోవట్లేదు. ఎక్కడ కూర్చోమంటావ్ చెప్పు?" అన్నారు. నవ్వబోయాను. మొహమంతా కుడి వైపుకి లాక్కుపోయింది. ఆయన చప్పున కిటికీలోంచి బయటికి చూశారు.

కాఫీకి రుచి లేదు. నాలుక ముందు భాగం ఎడమ సగంలో తుప్పు మేకు పెట్టుకున్నట్టుంది. ఆ రుచిని మోసేదీ ఆ నరమే.

ఫిబ్రవరి 8

తినడం ఇంత రోతగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ రాయలేదు. బుగ్గ కండరం పనిచేయకపోతే నమిలిన ముద్ద దవడకీ బుగ్గకీ మధ్య సంచిలో పడి అక్కడే ఉండిపోతుంది. వేలు పెట్టి తీసుకోవాలి. పొద్దున తిన్న రొట్టె సాయంత్రం నాలుగింటికి దొరికింది, పుల్లబడి, వెచ్చగా. సింకులో ఉమ్మి, దాన్ని చూస్తూ నిలబడ్డాను.

చెంచా కింద పడితే ఎడమ చెవిలో తుపాకీ పేలినట్టుంది. చెవిలో బియ్యపు గింజంత ఎముక ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే కండరం ఒంట్లోకెల్లా చిన్నది. దాని కళ్ళెమూ ఇదే నరం చేతిలో ఉంది. పిల్లలకి చెప్పేటప్పుడు నవ్వించడానికి అనేదాన్ని, "నవ్వు, ఏడుపు, ఉమ్ము, రుచి, చప్పుడు, ముద్దు, అన్నీ ఒకే శాఖకి అప్పజెప్పారు. ఆ గుమాస్తా సెలవు పెడితే ఆఫీసు మూతే" అని. చాలా బాగా నవ్వేవాళ్ళు.

తమ్ముడు ఫోను చేశాడు. ఎత్తలేదు.

ఫిబ్రవరి 10

తమ్ముడు వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు. వాడు సర్జన్. చెవి, ముక్కు, గొంతు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈల వెయ్యమన్నాడు. వేశాను. ఉమ్ము వచ్చింది.

"ఏం కాదక్కా. నరం తెగలేదుగా, వాచిందంతే. ఆరు వారాల్లో మామూలైపోతావ్" అన్నాడు.

తెగలేదుగా, అన్నాక వాడు నా మొహం మీద నుంచి చేతులు తీసేశాడు.

ఇక్కడైనా సరిగ్గా రాసుకోవాలి. జనవరి 9న వాడు ఒకావిడకి చెవి కింద గడ్డ తీశాడు. గడ్డ లాలాజల గ్రంథిలో ఉంది. ఆ గ్రంథి మధ్యలోంచే ఏడో నరం ఐదు పాయలుగా చీలి మొహమంతా పరుచుకుంటుంది. చెవి కింద మణికట్టు ఆనించి, బుగ్గ మీద ఐదు వేళ్ళూ చాచితే ఎలా ఉంటుందో అలా. చెంపదెబ్బ ఆకారం. నరమేదో నార ఏదో తెలియకపోతే సన్నటి కరెంటు పుల్లతో తాకి చూస్తారు. మొహం అదిరితే నరం. వాడు తాకాడు. అదరలేదు. నార అనుకుని కోసేశాడు. మత్తు డాక్టరు అంతకు పది నిమిషాల ముందు కండరాలు సడలించే మందు ఇంకో మోతాదు ఇచ్చి ఉన్నాడు. ఆ మందు మీద ఏ మొహమూ అదరదు. ఇచ్చినట్టు అతను చెప్పలేదు, వీడు అడగలేదు.

"కదలనిది నరం కాదు." అది నా వాక్యం. వాడు మొదటి సంవత్సరంలో ఉండగా మా వంటింటి బల్ల మీద పుర్రె పెట్టి నేనే నేర్పాను. నా పాఠమంతా శవాల మీద. వాటిలో ఏదీ కదలదు.

ఆవిడ మత్తు దిగి లేచేసరికి కుడి మొహం మొత్తం పడిపోయింది. వాడు "నరం భద్రంగా ఉంది, కాస్త సాగింది" అని రికార్డులో రాశాడు. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్లతో విచారణ వేశారు. జనవరి 24న ఆ ముగ్గురి కోసం నేనొక పేరా రాసిచ్చాను. నా పరిశోధనలో అరవై రెండు అరమొహాలు కోసి చూశాననీ, వాటిలో రెండింట్లో నరం దారి తప్పి ఉందనీ, అలాంటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా ఒత్తిడి తగలవచ్చనీ. ప్రతి అక్షరం నిజం.

అంతకు ముందు రోజే వాడు ఆపరేషన్ మధ్యలో తీసిన ఫోటో పంపాడు. నరం ఎక్కడుండాలో అక్కడే ఉంది. తెల్లగా, గుండ్రంగా, పాఠ్యపుస్తకంలో బొమ్మలాగా.

ఫిబ్రవరి 11

ఇది శిక్ష కాదు. వైరస్. చదువుకున్నదాన్ని, ఈ రెంటికీ తేడా తెలుసు.

ఫిబ్రవరి 19

కంటికి టేపు. టేపు కింద లేపనం, లేపనం కింద పుసి. క్లాసుకి వెళ్ళాను. ముందు వరసలో అమ్మాయి నోట్సు రాసుకోవడం మానేసి నా నోటి చివరే చూస్తోంది. 'ప', 'బ', 'మ' పలకడం లేదు. "బుగ్గ" అనబోతే గాలి పోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఫిబ్రవరి 27

ఫిజియోథెరపీ మొదలు. ఆస్పత్రి వెనక భవనంలో, మెట్ల కింద గది. ఒక గోడంతా అద్దం, దాని ముందు నాలుగు స్టూళ్ళు. ఫిజియో అమ్మాయి నోట్లోంచి "ఓపిక" తప్ప ఇంకో మాట రాదు. ఓపికమ్మ అని పేరు పెట్టాను.

నా కుడి పక్క స్టూలు మీద ఒకావిడ. ముప్పై ఎనిమిది, నలభై ఉంటాయి. ఖాకీ చొక్కా, మెడలో తాడుకి వేలాడుతున్న ఈల. కుడి మొహం పడిపోయింది. చెవి ముందు నుంచి దవడ కిందికి గులాబీ రంగు మచ్చ, ఇంకా లేతగా ఉంది. ఆ గీత చూడగానే నాకు తెలిసిపోయింది. చర్మం ముడతలోనే కోత పెట్టి, చెవితమ్మె కింద అందంగా మలుపు తిప్పుతాడు. వాడి చేతిరాత లాంటిది అది.

ఆవిడ అద్దంలోనే నన్ను పలకరించింది. "మీది ఎడమ, నాది కుడి. భలే కలిశాం మేడమ్. మీ సగం నా సగం అతికిస్తే ఒక నిండు మొహం వస్తుంది. ఎవరు పెట్టుకోవాలో చీట్లు వేసుకుందామా?"

నవ్వాను. సగం.

బస్సు కండక్టరట. ఈల ఊదలేకపోతోందట. గొంతు చించుకుని "రైట్ రైట్" అంటే ప్యాసింజర్లు నవ్వారట. డిపోలో పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారట. "గొడుగులకి నా మొహంతో పనిలేదుగా మేడమ్" అంది.

మార్చి 3

రుమాలు దవడ కింద పెట్టుకుని పావుగంట సేపు ఈల ఊదుతుంది. సడి లేదు, గాలి, తుంపర. ఓపికమ్మ "ఓపిక" అంటుంది.

"డాక్టరుగారు బంగారం. ఆయనే నా చెయ్యి పట్టుకుని చెప్పారు, ఏడాదిలో దానంతటదే వచ్చేస్తుందమ్మా, కంగారుపడి ఇంకెవరి దగ్గరా కత్తి పెట్టించుకోవద్దు అని. సొంత మనిషి కూడా అలా చెప్పడు" అంది కండక్టరు.

తెగిన నరం దానంతటదే రాదు. రెండు కొనలూ వెతికి కలిపి కుట్టాలి. మధ్యలో ఎడం ఉంటే కాలిలోంచి ఒక నరం ముక్క తెచ్చి అతికించాలి. అప్పుడది రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పాక్కుంటూ వెళ్తుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే కండరం ఎండిపోతుంది. ఆ తర్వాత నరం వెళ్ళినా లాభం లేదు, వెళ్ళేసరికి ఇల్లు కూలిపోయి ఉంటుంది.

ఇది మూడో ఏడాది పిల్లలకి కూడా తెలుసు. ఓపికమ్మ రికార్డు చదివింది. రికార్డులో "సాగింది" అని ఉంది. నా పేరా కూడా ఉంది.

మార్చి 6

వెళ్ళాను. చెప్పలేదు.

మార్చి 10

వెళ్ళాను. ఆవిడ రాలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయిని బుగ్గలో రొట్టె ముద్దలా వేలు పెట్టి తీసి చూసుకున్నాను.

మార్చి 21

ఎడమ పెదవి అంచు అదిరింది. తేనెటీగ వాలి లేచినంత సేపు. నాకంటే ముందు అద్దంలో కండక్టరే చూసింది. "కదిలింది! ఓ మేడమ్, కదిలింది చూడండి! ఓపికమ్మా, రా ఇలా!" అని చప్పట్లు కొట్టింది. (ఆ పేరు నా దగ్గర నుంచే ఎత్తుకుంది.) సంచిలోంచి రెండు బిస్కట్లు తీసి ఒకటి నాకిచ్చి, "మీరు ముందు బయల్దేరారు, నేను వెనక బస్సు" అంది.

ఇంటికొచ్చి మొహం సబ్బుతో కడిగాను. రెండుసార్లు.

ఏప్రిల్ 14

కన్ను మూతపడుతోంది. టేపు అక్కర్లేదు. కాఫీకి కాఫీ రుచి వచ్చింది. మా ఆయన "నువ్విప్పుడు రెండు పక్కలా కోపంగా ఉన్నావు" అన్నారు.

ఇక వెళ్ళనక్కర్లేదని ఓపికమ్మ చెప్పింది. ఇంకా బిగుతుగా ఉందన్నాను. లేదు. ఎందుకు వెళ్తున్నానో తెలియదు. ఆవిడకి తోడుగా, అని రాసి కొట్టేశాను. ఏదో ఒక రోజు ధైర్యం వస్తుందేమోనని, అని రాశాను. దాన్నీ కొట్టేయాలేమో.

మే 2

తమ్ముడింట్లో భోజనం. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. వాడి పళ్ళెంలో వడ్డిస్తూ, "వీడి చేతి మీద ఎంతమంది బతికారో" అంది, ఎప్పటిలాగే.

బల్లకి ఎదురుగా కూర్చుని వాడి నవ్వు చూశాను. పెదవుల మూలలు పైకి లేచాయి. కళ్ళ చుట్టూ ఏమీ జరగలేదు. నిజంగా నవ్వేవాడికి కంటి కింద చిన్న ఉబ్బు లేస్తుంది, అది మనం కావాలనుకుంటే లేచేది కాదు. చిన్నప్పుడు వాడి కళ్ళే ముందు నవ్వేవి. ఈ నవ్వు ఎప్పుడు నేర్చుకున్నాడు? అద్దం ముందా?

చేతులు కడుక్కునే దగ్గర అడిగాను. "ఆవిణ్ణి ఇంకో సర్జన్‌కి చూపించుకోమను. నువ్వే రాసి పంపించు."

"చూపిస్తే తెరుస్తారక్కా."

"తెరవనీ."

"తెరిస్తే కనపడుతుంది." తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. సర్జన్లు అలాగే తుడుచుకుంటారు. "నరం సాగితే రెండు కొనలుండవు కదా. అప్పుడు నీ పేరా కూడా చదువుతారు. ఎవరి పేరా అని చూస్తారు, ఇంటిపేరు చూస్తారు. నేనొక్కణ్ణే పోతానా?"

"ఏడాది దాటితే..."

"నాకు తెలీదా? నువ్వే నేర్పావుగా." మళ్ళీ ఆ నవ్వు.

లోపలి నుంచి అమ్మ, "అక్కాతమ్ముళ్ళ గుసగుసలు అయ్యాయా? పళ్ళు కోశాను రండి" అని పిలిచింది. వెళ్ళి తిన్నాం. నేను రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

మే 20

పరీక్షల తర్వాత చెప్తాను.

జూన్ 9

సెలవుల్లో చెప్తాను.

జూన్ 23

ఇవాళ ఆవిడ నన్ను "అక్కా" అంది.

నోరు జారినట్టు కాదు. కావాలనే. "మేడమ్ మేడమ్ అంటుంటే దూరంగా ఉంది. అక్కా అంటాను, ఏమనుకోకండి. నాకు ఎటూ ఎవరూ లేరు. ఒక కూతురుంది గానీ దానికి నా మొహం చూడ్డం ఇష్టం లేదు. చిన్నది కాదు, పంతొమ్మిదేళ్ళు. ఫోటో తీసేటప్పుడు అమ్మా, కొంచెం ఇటు తిరుగు అంటుంది. రోజూ అంటుంది. ఇటు, ఇటు, ఇటు. ఏదో రోజు నా మెడ కూడా ఇటే ఉండిపోతుందక్కా" అని నవ్వింది.

ఆ మాటతో నన్ను పిలిచే మనిషి ఇంతకు ముందు ఒక్కడే.

జూలై 8

ఆపిల్ ముక్క కొరికితే ఎడమ కన్ను నీళ్ళు కారింది. దుమ్మనుకున్నాను. రెండో ముక్కకీ కారింది. ప్లేటు పక్కన పెట్టాను, ఆగింది. మళ్ళీ కొరికాను.

అర్థమైంది. దెబ్బ తిన్న నరం మళ్ళీ పెరిగేటప్పుడు కొన్ని పోగులు దారి తప్పుతాయి. నోట్లో ఉమ్ము ఊరించాల్సిన పోగు వెళ్ళి కన్నీటి గ్రంథిలో తేలింది. ఇప్పుడు నాకు ఆకలి వేస్తే ఏడుపు వస్తుంది. మొసలి కన్నీరనే దీని పేరు, వైద్యంలో కూడా.

అరవై రెంటిలో రెండు. నా పేరాలో దారి తప్పిన నరం కోసం ఎక్కడెక్కడో వెతికి రాశాను. ఇదిగో, ఇంట్లోనే ఉంది.

జూలై 30

వెళ్ళాను. చెప్పలేదు. ఆవిడ కుడి బుగ్గ సన్నబడింది. వెలుతురు పక్క నుంచి పడితే ఎముక తెలుస్తోంది. కండరం ఎండుతోంది.

ఆగస్టు 11

రాయాలి. వరసగా రాయాలి.

ఫిజియో అయ్యాక కండక్టరు నన్ను ఆస్పత్రి క్యాంటీనుకి తీసుకెళ్ళింది. నాలుగు గోడలకీ నూనె జిడ్డు. బల్ల మీద ఎవరో తాగిన టీ వలయాలు. రెండు టీలు, ఒక బ్రెడ్డు ఆమ్లెట్, మధ్యలో పెట్టుకున్నాం. ఆవిడ ఎడమ పక్క నములుతూ, కుడి పక్క రుమాలు అదిమి పట్టుకుని మాట్లాడుతోంది.

"నిన్న డిపో మేనేజరు పిలిచాడక్కా. ఇంకెన్నాళ్ళు అన్నాడు. డాక్టరు ఏడాది అన్నారు, జనవరి దాకా ఆగండి సార్ అన్నాను. జనవరిలో ఈల ఊది చూపించు, లేకపోతే ఇక్కడే ఉండిపో అన్నాడు. పదహారేళ్ళు బస్సులో నిలబడ్డాను. కూర్చుంటే కాళ్ళు లాగుతాయి నాకు. ఆ గదిలో వాసన... తడి గొడుగులు, ఎవరో మర్చిపోయిన టిఫిను డబ్బాలు, మూత తీస్తే బూజు. ఊదుతాను సార్ అన్నాను. రోజూ ఇంట్లో కూడా పావుగంట ఊదుతున్నా. వస్తుంది కదక్కా?"

నా నోట్లో ఆమ్లెట్ ముక్క ఉంది. నమిలాను. కన్ను కారడం మొదలైంది. బొటబొట కారింది. చేతిలో చెంచా, ఇంకో చేతిలో గ్లాసు, తుడుచుకునే వీలు లేదు.

ఆవిడ మాట ఆపేసింది. చూసింది. తన రుమాలు, తన చొంగ తడిసిన ఆ రుమాలే, మడత తిప్పి పొడి వైపు చూసి, బల్ల మీద నుంచి వంగి నా చెంప తుడిచింది.

"ఊరుకో అక్కా. ఛ, ఊరుకో. నా కోసం ఇన్నాళ్ళలో ఏడ్చింది నువ్వొక్కదానివే. నా కూతురు కూడా ఏడవలేదు."

రోత పుట్టింది. ఆమ్లెట్ మీద కాదు, ఆవిడ రుమాలు మీద కాదు. నా కన్ను మీద. అది కారుతూనే ఉంది, తిండి చూసి, కుక్కకి చొంగ కారినట్టు. ఆవిడేమో తుడుస్తూనే ఉంది.

"ఇది ఏడుపు కాదు" అన్నాను.

"ఆఁ, కాదులే."

"కాదు. ఉమ్ము. కంట్లోంచి వస్తోందంతే. నేను ఏడవట్లేదు. తింటున్నాను." గ్లాసు దించి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. "మీ నరం తెగిపోయింది. సాగలేదు. కోసేశారు. ఊదితే రాదు. ఏడాదికి కాదు, పదేళ్ళకైనా రాదు. వెంటనే ఇంకో ఊళ్ళో ఇంకో సర్జన్‌తో తెరిపించి కుట్టించుకోవాలి. ఇంకా టైముంది. కొంచెమే ఉంది."

ఆవిడ నవ్వింది, ఎడమ సగంతో. "నీకెలా తెలుసక్కా? నువ్వు పాఠాలు చెప్పే డాక్టరువి కదా."

"కోసింది మా తమ్ముడు. అది సహజమేనని కాగితం రాసిచ్చింది నేను."

క్యాంటీనులో ఎవరో గిన్నెలు దభీమని పడేశారు. నా ఎడమ చెవికి ఇప్పుడు మామూలుగానే వినిపిస్తుంది. అయినా ఉలిక్కిపడ్డాను.

"ఎప్పుడు తెలుసు?"

"మొదటి నుంచీ."

"అంటే ఆ మొదటి రోజు... అద్దం దగ్గర నేను జోకు వేసినప్పుడు?"

"అప్పటికే తెలుసు."

ఆవిడ రుమాలు వెనక్కి తీసుకుంది. నన్ను తుడిచిన మడత లోపలికి పోయేలా మళ్ళీ మడిచింది. అది మాత్రం చాలాసేపు చేసింది.

"నేను ఈల ఊదుతుంటే పక్కనే కూర్చుని చూశారన్నమాట." రుమాలు జేబులో పెట్టుకుని, "వారానికి రెండుసార్లు" అంది. లేచి, మెడలో ఈల చొక్కా లోపలికి వేసుకుంది. "ఏ ఊరు వెళ్ళాలో, ఎవర్ని కలవాలో కాగితం మీద రాసివ్వండి మేడమ్. మీకు రాయడం వచ్చుగా."

రాసిచ్చాను. తమ్ముడు పంపిన ఫోటో కూడా పంపాను.

ఆమ్లెట్ సగం మిగిలింది. ఆవిడ వెళ్ళాక దాన్ని చూస్తుంటే కన్ను మళ్ళీ తడిసింది. నాకింకా ఆకలిగానే ఉంది.

ఆగస్టు 12

ఆస్పత్రికి ఉత్తరం ఇచ్చాను. జనవరి 24 నాటి పేరా వెనక్కి తీసుకుంటున్నాను, ఫోటోలో నరం మామూలు చోటే ఉంది, అది నాకు అప్పుడే తెలుసు. నాలుగు వాక్యాలు. గుమాస్తా ముద్ర వేస్తూ, "ఇద్దరిదీ ఒకే ఇంటిపేరే!" అని ఆశ్చర్యపోయాడు.

నూట తొంభై తొమ్మిది రోజులు. చెవి వెనక రంధ్రం నుంచి పెదవి చివరికి ఇంచుమించు వంద మిల్లీమీటర్లు. నిన్నటి దాకా నేను నోరు మూసుకున్న కాలంలో ఒక నరం పెదవి దాకా వెళ్ళి, దాదాపు వెనక్కి కూడా రావచ్చు.

ఆగస్టు 14

తమ్ముడు రాలేదు. అమ్మ వచ్చింది, ఆటో దిగి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

"ఒక్క మొహం కోసం తోడబుట్టినవాణ్ణి బజారుకీడుస్తావా? వాడికి చేయి పట్టుకుని రాయడం నేర్పింది నువ్వు కాదటే?"

"నేనేనమ్మా."

"ఆపరేషన్లు ఆపేశారు వాడివి. తలుపేసుకుని కూర్చున్నాడు. నవ్వు మొహం వాడిది, నవ్వే మర్చిపోయాడు."

నాకు రావాల్సినది జాలి. వాడి మీద వచ్చింది కూడా, తర్వాత, అమ్మ వెళ్ళాక. కానీ ఆ మాట వినగానే ముందొచ్చింది, ఎందుకో, ఊరట. ఆ నవ్వు ఇక చూడక్కర్లేదని. ఎలాంటి మనిషిని నేను?

అమ్మకి మంచినీళ్ళిచ్చాను. తాగలేదు.

సెప్టెంబరు 8

ఓపికమ్మ ఫోను చేసింది. ఇవాళ ఆవిడకి ఆ ఊళ్ళో ఆపరేషన్ అయిందట. రెండు కొనలూ దొరికాయట. మధ్యలో ఎడం. పిక్కలోంచి నరం తీసి అతికించారట. "ఇక ఓపికే మేడమ్" అంది. మొదటిసారి ఆ మాట సరైన చోట పడింది.

సున్నా మిల్లీమీటర్లు.

సెప్టెంబరు 30

ఇరవై రెండు. చెవితమ్మె కూడా దాటి ఉండదు.

అక్టోబరు 17

ఫిజియో గదికి వెళ్ళబోయాను. ఓపికమ్మ గుమ్మంలోనే ఆపి, మెట్ల వైపు చూస్తూ చెప్పింది. "ఆవిడ మంగళవారం, శుక్రవారం వస్తున్నారు మేడమ్. మీరు ఏ రోజు వస్తారో చెప్తే ఆ రోజు మానేసి ఇంకో రోజు వస్తానన్నారు."

"నేను రాను" అన్నాను. "నాకు తగ్గిపోయింది."

ముప్పై తొమ్మిది.

నవంబరు 12

కొత్త బ్యాచ్‌కి ఏడో నరం చెప్పాను. ఫార్మలిన్ వాసనకి ఇద్దరు బయటికి పరిగెత్తారు. ఎప్పుడూ ఇద్దరే. బాతు పాదంలా విచ్చుకున్న ఐదు పాయలూ చూపించాను. ఒకబ్బాయి అడిగాడు, "మేడమ్, ఇది నరమో కాదో డౌట్ వస్తే?"

"కోయొద్దు" అన్నాను.

"కరెంటు పెట్టి చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. అదరకపోతే పక్కనున్న మనిషిని అడుగు, ఏ మందిచ్చావని. అడిగాక కూడా డౌట్ ఉంటే కోయొద్దు. కోసేస్తే, కోశానని రాయి."

రాసుకున్నారు. వంచిన తలలన్నిటినీ చూశాను. వీళ్ళలో ఎవరికి అక్క ఉందో.

డిసెంబరు 17

వంద.

వంద రోజులకి ఏమీ కదలదని నాకు తెలుసు. నరం ముక్కకి రెండు కుట్లు, ప్రతి కుట్టు దగ్గరా ఆలస్యం. ఆరు నెలలంటారు, తొమ్మిదంటారు, అసలు రాకపోవచ్చని కూడా అంటారు. అన్నీ తెలిసే బస్సెక్కి డిపోకి వెళ్ళాను.

పోయిన సామాన్ల గది డిపో చివర. ఇనప జాలీ కిటికీ. ఆవిడ చెప్పిన వాసనే. లోపల ట్యూబులైటు ఆవిడకి ఎడమ పక్కనే వెలుగుతోంది. ఆవిడ తలెత్తింది. ఎవరో గుర్తుపట్టడానికి ఎంత సేపు పట్టాలో అంతే పట్టింది.

"ఏం పోగొట్టుకున్నారు మేడమ్?"

అందర్నీ అడిగే మాటే. అందర్నీ అడిగే గొంతే.

"గొడుగు" అన్నాను.

"రంగు?"

"నలుపు."

"నల్లవి నలభై ఉన్నాయి." జాలీ కింద నుంచి ఫారం తోసింది. "రాసి సంతకం పెట్టండి. మీకు అలవాటేగా."

పోయిన వస్తువు. పోయిన తేదీ. పెన్ను పట్టుకుని నిలబడ్డాను. వెనక ఒకాయన టిఫిను డబ్బా కోసం వచ్చి దగ్గుతున్నాడు. తేదీ దగ్గర జనవరి 24 అని రాశాను. ఎందుకలా రాశానో నాకు తెలియదు. తెలుసు.

ఆవిడ చదివింది. వేలితో తేదీ మీద ఒకసారి రుద్దింది.

"ఇన్నాళ్ళు ఉంచం మేడమ్. ఆర్నెల్లు దాటితే పారేస్తాం."

"తెలుసు."

"తెలిసే వచ్చారా?"

"ఊఁ."

ఎడమ పెదవి చివర కొంచెం లేచింది. నవ్వో, వెక్కిరింపో. కుడి పక్క నీడలో ఉంది. అక్కడేమైనా ఉందేమోనని జాలీకి మొహం ఆనించి చూడబోయాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకోలేదు. అలాగని వెలుతురులోకీ రాలేదు.

"నెక్స్ట్" అంది. టిఫిను డబ్బా ఆయన నన్ను తోసుకుని ముందుకొచ్చాడు.

బయట ఎక్కడో ఈల వినిపించి వెనక్కి చూశాను. ఎవరో కుర్ర కండక్టరు. బస్సు కదిలింది.

రేపు నూట ఒకటి.